చివరి క్యాప్ ఒడ్డుకు వచ్చేదాకా

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. మన ట్రయాథ్లాన్ క్లబ్ సెక్రటరీ పని నీ నెత్తిన పడిందని విన్నాను. పడింది అనే అంటున్నాను. ఈ పదవికి పోటీ చేసి గెలిచినవాళ్ళెవరూ నాకు తెలీదు. మీటింగులో అందరూ నేలచూపులు చూస్తుంటే పొరపాటున తలెత్తినవాడే సెక్రటరీ. నేనూ అలాగే అయ్యాను, 19 ఏళ్ళు దిగలేకపోయాను.

ఫోన్లో రెండు అడిగావు. నెలనెలా క్లబ్ వార్తలు ఎలా రాయాలి, వారంవారం కార్యక్రమాలు ఎలా నడపాలి అని. అప్పుడు ఏదో గబగబా చెప్పేశాను, పెట్టేశాక చూస్తే అసలు సంగతి చెప్పనేలేదనిపించింది. ఈ రెండు పనులూ ఎవరికోసం చేస్తున్నావో ముందు తేల్చుకోవాలి. నాకది తేలడానికి ఐదారేళ్ళు పట్టింది, అందుకే ఈ ఉత్తరం.

"ఈ రోజుల్లో వార్తాపత్రిక ఎవరు చదువుతారక్కా, గ్రూపులో మెసేజ్ పెడితే చాలదా?" అన్నావు. ఈత, సైకిలు, పరుగు కలిసిన మన ఆట పుట్టిందే ఒక క్లబ్ వార్తాపత్రికతో అని నీకు తెలుసా? 1974లో అమెరికాలోని శాన్ డియాగో ట్రాక్ క్లబ్‌లో జాక్ జాన్‌స్టోన్ అనే సభ్యుడికి పరుగూ ఈతా కలిపి ఒక పోటీ పెట్టాలని ఉండేది. డాన్ షానహాన్ అనే ఇంకొకాయనకి సైకిలు కూడా కలపాలని. ఇద్దరినీ క్లబ్బువాళ్ళే కలిపారు. ఆ సెప్టెంబర్ పత్రికలో చిన్న ప్రకటన వేశారు: పరుగు, సైకిలు, ఈత, ఎవరి సైకిలు వాళ్ళే తెచ్చుకోవాలి. ట్రోఫీల మీద పేరు చెక్కడానికి ఇస్తే ట్రయాథ్లాన్ అనే మాట డిక్షనరీలో లేదు, స్పెల్లింగ్ ఏంటని చెక్కేవాళ్ళు అడిగారట. సెప్టెంబర్ 25న, పనిరోజు సాయంత్రం, మిషన్ బే దగ్గర 46 మంది వచ్చారు.

ఈ కథలో నాకిష్టమైన ముక్క ఆ తరవాతది. అందరూ ముగించడానికి ఎంతసేపు పడుతుందో నిర్వాహకులు తక్కువ అంచనా వేశారు. కొంతమంది ఇంకా నీళ్ళలో ఉండగానే చీకటి పడింది. అప్పుడు కార్లు తెచ్చి నీళ్ళవైపు హెడ్‌లైట్లు వేశారు. వెనకబడ్డవాళ్ళు ఆ వెలుగులో ఒడ్డుకు చేరారు. ఆ 46 మందిలో జాన్ కాలిన్స్ అనే నేవీ ఆఫీసరు ఉన్నాడు. ఆ రోజు గెలిచింది ఆయన కాదు, బిల్ ఫిలిప్స్. అయినా 1978 ఫిబ్రవరి 18న హవాయిలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, పూర్తి మారథాన్ కలిపి ఐరన్‌మ్యాన్ మొదలుపెట్టింది ఆ కాలిన్స్, ఆయన భార్య జూడీ. దానికి బయల్దేరినవాళ్ళు 15 మంది, ముగించినవాళ్ళు 12 మంది. గెలవనివాళ్ళ వల్ల క్లబ్బుకి ఏం ఒరుగుతుందని నిన్నెవరైనా అడిగితే ఈ సంగతి చెప్పు.

ఇక నా తప్పు. మొదటి ఐదేళ్ళు నేను రాసినవి వార్తలు కావు, మార్కుల జాబితాలు. ఎవరు ఫస్టు, ఎవరి టైమెంత, ఎవరిది పీబీ, అంటే సొంత రికార్డు. ప్రతి నెలా అవే ఏడెనిమిది పేర్లు. ఒకసారి ఒకావిడ, క్లబ్బులో చేరి మూడేళ్ళయింది, అన్ని ఆదివారాలూ వచ్చేది, నాతో అంది: "మీ పత్రిక బావుంటుందండీ, నాకు తెలీని వేరే క్లబ్ గురించి చదువుతున్నట్టు ఉంటుంది." నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి పాత సంచికలన్నీ తీసి చూశాను, ఆవిడ పేరు ఒక్కచోటా లేదు. తరవాతి నెల నుంచి రాసే పద్ధతి మార్చాను.

ఎలా అంటావా? ఫలితాలు ఆఖరి పేజీకి పంపించేశాను. వాటికోసం వెతుక్కునేవాళ్ళు ఎక్కడున్నా వెతుక్కుంటారు. మొదటి పేజీలో వచ్చే నెల ఏముందో ఉండాలి: ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ కలవాలి, ఎవరు నడుపుతారు, ఏం తెచ్చుకోవాలి, కొత్తవాళ్ళు రావచ్చా. ఈ ఆఖరి మాట ప్రతిసారీ రాయి. పాతవాళ్ళకి విసుగనిపిస్తుంది కానీ చదివే కొత్తవాడికి ఆ ఒక్క వాక్యమే కావాలి. ఏదైనా రద్దయితే అది అన్నిటికంటే పైన. "గత నెల విజయవంతంగా జరిగిన" అంటూ మొదలుపెట్టి, రద్దు సంగతి నాలుగో పేరాలో దాచిన సంచిక ఒకటి నేనూ వేశాను. తెల్లవారుజామున ఆరుగురు నీళ్ళ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వాళ్ళు నాతో అన్న మాటలు ఇక్కడ రాయను.

మధ్య పేజీల్లో మనుషులు. మొదటిసారి 750 మీటర్లు ఆగకుండా ఈదినవాళ్ళు, ఏడాదంతా స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడి ఒక్కసారీ పరుగెత్తని వాలంటీరు, చివరగా వచ్చిన మనిషి. చివరివాళ్ళ గురించి రాసేటప్పుడు జాలి చూపించకు, వాళ్ళు దాన్ని ఆమడ దూరం నుంచే పసిగడతారు. ఏం జరిగిందో రాయి, చాలు. రేసు మధ్యలో ఆగిపోయినవాళ్ళ గురించయితే వాళ్ళని అడక్కుండా ఒక్క ముక్క కూడా రాయకు. కొందరికి అది చెప్పుకోదగ్గ కథ, కొందరికి ఇంకా మానని గాయం. ఆరోగ్యం సంగతులు, ఫొటోలు కూడా అంతే.

1982 ఫిబ్రవరిలో హవాయిలో జరిగిన ఆ ఐరన్‌మ్యాన్ రేసులో జూలీ మాస్ అనే అమ్మాయి గెలుపుకి కొద్ది గజాల దూరంలో కుప్పకూలింది. కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటి గెలిచింది. మాస్ పాక్కుంటూ వెళ్ళి గీత దాటింది. అది టీవీలో వచ్చాక ఈ ఆటవైపు చూసినవాళ్ళు కోకొల్లలు. వాళ్ళలో ఎక్కువమందికి గుర్తుండిపోయింది రెండో స్థానంలో వచ్చిన మనిషి. నీ వార్తలకి కథ ఎక్కడుందో వెతికేటప్పుడు టైమింగ్ షీటు పైవరుస ఒక్కటే చూడకు.

కార్యక్రమాల్లోకి వస్తే, అన్నిటికంటే ముందు ఓపెన్ వాటర్, అంటే పూల్ బయట నీళ్ళలో ఈత. దీని గురించి పొడుగ్గానే చెప్తాను, ఓపిక పట్టు. మన ఆటలో ప్రాణాలు పోయిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈతలోనే. బాగా ఈత వచ్చినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. పూల్‌లో గోడ ఉంటుంది, కింద గీత ఉంటుంది. బయట నీళ్ళలో అడుగు కనపడదు, పక్కవాడి చెయ్యి మొహానికి తగులుతుంది, నీళ్ళు చల్లగా ఉంటే మొదటి నిమిషం రెండు నిమిషాలు ఊపిరి మన మాట వినదు. కొత్తవాళ్ళు అప్పుడే బలంగా చేతులు వెయ్యడం మొదలుపెడతారు. వాళ్ళని ఆపు. నడుముల్లోతులో నిలబడి మొహం ముంచి గాలి బుడగలు వదలమను, ఊపిరి దారికొచ్చాక బయల్దేరమను. టెన్షన్ వస్తే వెల్లకిలా తిరిగి తేలడం, చెయ్యి పైకెత్తడం, ఈ రెండూ మొదటి రోజే నేర్పాలి. దూరం తరవాత. ఆరేడు చేతులకి ఒకసారి తలెత్తి బోయా (నీళ్ళమీద తేలే గుర్తు) ఎక్కడుందో చూసుకోవడం కూడా ఆ తరవాతే. వెట్‌సూట్ (చలికి వేసుకునే రబ్బరు ఈత సూటు) మెడ దగ్గర బిగుతుగా ఉంటే దాన్నే ఆయాసం అనుకుని హడలిపోతారు, వేసుకునేటప్పుడే సరిచూడు. ఉరుము వినపడితే చర్చ లేదు, అందరూ బయటికి.

అన్నిటికన్నా ముఖ్యం లెక్క. ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు. "సుమారు ఇరవై మంది" అనే మాట ఆ ఒడ్డున వినపడకూడదు. ఒక మనిషి పొడిబట్టలతో ఒడ్డునే ఉండి పేర్లు రాసుకోవాలి. దిగేటప్పుడు పేరు, ఎక్కేటప్పుడు టిక్కు. ఆ మనిషి ఆ రోజు ఈదకూడదు, "ఒక్క రౌండు వేసొస్తా" అన్నా సరే.

నాకెలా తెలిసిందంటే, ఒక ఏడాది టిక్కు ఒకటి తక్కువొచ్చింది. 23 మంది దిగారు, 22 మంది ఒడ్డున ఉన్నారు. కయాక్‌లో ఉన్నవాళ్ళు అటూ ఇటూ తిరిగారు, మేము పేరు పెట్టి అరిచాం, సహాయానికి ఫోన్లు చేశాం. 40 నిమిషాలు. ఆ 40 నిమిషాల్లో నా వయసు పదేళ్ళు పెరిగింది. తీరా చూస్తే ఆ పెద్దమనిషి చలేసి అవతలి వైపు ఎక్కి, ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్ళి, ఫోన్ సైలెంటులో పెట్టి పడుకున్నాడు. ఆయన మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆలోచిస్తే, ఎక్కినప్పుడు చెప్పాలని ఆయనకి నేను ఎప్పుడూ చెప్పలేదు. కొత్తగా చేరాడు కదా, ఎలా తెలుస్తుంది? అప్పటినుంచి ప్రతి ఆదివారం, వందోసారి వచ్చినవాళ్ళకి కూడా, అదే పాట పాడాను: చెప్పకుండా వెళ్ళొద్దు. మెరిసే రంగు ఈత క్యాపులు కూడా అప్పుడే కొనిపించాను. ఎవరు మూతి ముడిచినా నల్ల క్యాపు పెట్టుకోనివ్వకు, నీళ్ళమీద నల్ల క్యాపు కనపడదు.

సైకిలు సంగతి ఇంత లేదు. రైడ్ ప్రకటించేటప్పుడు "ఎవరినీ వదిలేసి వెళ్ళం" అని రాస్తే నిజంగా వదలకూడదు. అందరికంటే వెనక ఉండే మనిషి మన బలమైన రైడర్లలో ఒకడు కావాలి, బలహీనుడు కాదు. పంక్చరైనవాడి దగ్గర ఆగి, మళ్ళీ గుంపుని అందుకోగలిగేవాడు. గుంపులో ఉన్నప్పుడు ఏరో బార్ల (ముందుకు వంగి మోచేతులు ఆన్చే కడ్డీల) మీద పడుకోనివ్వకు, బ్రేకులకి చేతులు అందవు. ఇంకోటి, చాలామంది మర్చిపోయేది: గుంపులో ముందువాడి వెనక నక్కి తొక్కితే గాలి తగ్గి చాలా తేలిగ్గా ఉంటుంది. ఒలింపిక్స్‌లో ఆ డ్రాఫ్టింగ్‌కి అనుమతి ఉంది కానీ మనవాళ్ళు వెళ్ళే రేసుల్లో ఎక్కువ వాటిలో లేదు. ఏడాదంతా ఎవరో ఒకరి వెనక తొక్కినవాడు రేసు రోజు ఒంటరిగా గాలిని ఎదుర్కొని తెల్లబోతాడు. అందుకని నెలకోసారైనా విడివిడిగా తొక్కించు.

ట్రాన్సిషన్, అంటే ఈత నుంచి సైకిలుకీ, సైకిలు నుంచి పరుగుకీ మారడం, దాని ప్రాక్టీసు మాత్రం వదలకు. ఖాళీ పార్కింగ్ స్థలం చాలు, గంటసేపు నవ్వులే నవ్వులు. సైకిలు ముట్టుకునే ముందే హెల్మెట్ పెట్టి స్ట్రాప్ బిగించాలి, సైకిలు ర్యాక్‌లో పెట్టాకే విప్పాలి. వినడానికి చిన్న పిల్లలకి చెప్పినట్టుంటుంది. ఊపిరి ఎగిసిపడుతూ తడి చేతులతో చేసి చూడమను, పాతవాళ్ళే తప్పు చేస్తారు. అక్కడ మాత్రం కొత్తవాళ్ళూ పాతవాళ్ళూ సమానమే, అందుకే నాకా సెషన్ ఇష్టం. దాని వెంటనే ఒక చిన్న బ్రిక్ పెట్టు, అంటే ఆగకుండా అరగంట సైకిలు, పది నిమిషాలు పరుగు. దిగగానే కాళ్ళు తనవి కానట్టు అనిపిస్తాయని ముందే చెప్పు. చెప్పకపోతే తనకేదో అయిందనుకుని ఆగిపోతారు.

పరుగు గురించి నీకు నేను చెప్పేదేం లేదు, నువ్వే నాకు చెప్పాలి.

క్లబ్ సొంత రేసు పెట్టినప్పుడు ఆఖరి నీళ్ళ బల్ల దగ్గర ఎవరుంటారో ముందే తేల్చుకో. ఆ మొదటి ఐరన్‌మ్యాన్‌లోనే, ముందుండి వస్తున్న జాన్ డన్‌బార్‌కి పరుగులో తన సహాయకుల దగ్గర నీళ్ళు అయిపోయాయి, బీరు ఇచ్చారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు. ముందున్నవాడి గతే అలా అయితే వెనకవాళ్ళ సంగతేంటి? ఎండ ముదిరాక వచ్చేది వాళ్ళే, ఎక్కువసేపు రోడ్డు మీద ఉండేదీ వాళ్ళే. ఈలోగా మనవాళ్ళు బహుమతుల దగ్గర ఫొటోలు దిగుతూ బల్లలు సర్దేస్తారు. బహుమతులు చివరి మనిషి గీత దాటాక అని ప్రకటించెయ్. గొణుగుతారు. గొణగనీ.

గొణుగుడు అంటే గుర్తొచ్చింది. క్లబ్బులో కొత్తవాళ్ళని పారిపోయేలా చేసేది కష్టం కాదు, సామాను కబుర్లు. "ఈ సైకిల్‌తోనా?" అని ఎవరైనా అంటే అక్కడే అడ్డుకో, మర్యాదగానే. ఆ మాట విన్న మనిషి రెండో వారం రాడు, ఎందుకు రాలేదో నీకు చెప్పడు. కొత్తగా వచ్చినవాళ్ళకి సోమవారం నాడు నువ్వే ఒక మెసేజ్ పెట్టు, పేరు పెట్టి. 19 ఏళ్ళలో నేను చేసిన పనుల్లో నిజంగా పనిచేసింది ఏదైనా ఉంటే అదే. వయసు మీరిందేమో అని జంకేవాళ్ళు వస్తే సిస్టర్ మడొన్నా బ్యూడర్ గురించి చెప్పు. ఆ క్రైస్తవ సన్యాసిని 48 ఏళ్ళకి పరుగు మొదలుపెట్టి, 2012లో 82వ ఏట కెనడాలో ఐరన్‌మ్యాన్ ముగించింది. డాక్టర్ని ఒకసారి అడిగి రమ్మని కూడా చెప్పు, అది మొహమాటపడే విషయం కాదు.

క్యాపుల పెట్టె, రెండు బోయాలు, విజిళ్ళు నా దగ్గరే ఉన్నాయి. శనివారం సాయంత్రం వచ్చి తీసుకెళ్ళు. లెక్కల పుస్తకం పెట్టె అడుగున ఉంటుంది, దానికి దారంతో పెన్సిలు కట్టి ఉంది. దాన్ని తీసేసి పెన్ను కట్టకు. పేజీ తడిస్తే పెన్ను రాయదు.

మీ అక్క