ఇద్దరు అమ్మలున్న బొమ్మల పుస్తకం ఇంటికి వస్తే అయిదేళ్ల పిల్లవాడికి ఏం చెప్పాలి?

“అమెరికాలో కిండర్‌గార్టెన్ చదివే మా బాబు స్కూలు లైబ్రరీ నుంచి ఇద్దరు అమ్మలున్న బొమ్మల పుస్తకం తెచ్చాడు. చదివి వినిపించాలా, చప్పుడు చేయకుండా తిరిగి పంపేయాలా?” అని అడిగారు.

చదివి వినిపించండి. మేమూ ఇక్కడే ఉంటాం. మా అమ్మాయి ఆ వయసులో తెచ్చుకున్న పుస్తకం ‘అండ్ టాంగో మేక్స్ త్రీ’. 2005లో వచ్చింది, జరిగిన కథే. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో రాయ్, సైలో అనే రెండు మగ పెంగ్విన్‌లు జతకట్టి, గూడు కట్టుకుని, గుడ్డు లేక ఒక రాయిని పొదగసాగాయి. మరో జంట రెండు గుడ్లు పెడితే, రెండింటినీ సాకడం వాటి వల్ల కాదని జూ ఉద్యోగి ఒకటి తెచ్చి వీటికిచ్చాడు. అందులోంచి వచ్చిన పిల్లే టాంగో.

ఇద్దరు నాన్నల గురించి ఏమడుగుతుందోనని నేను జవాబులు సిద్ధం చేసుకుంటుంటే, ఆమె ధ్యాసంతా రాయి మీదే. “రాయిలోంచి పిల్ల ఎందుకు రాలేదు?” అని అడిగి, ఆ సాయంత్రం దుప్పటి కప్పుకుని బంగాళాదుంప మీద కూర్చుంది. ఊరి నుంచి వచ్చి మాతో ఉన్న అత్తగారు బొమ్మలన్నీ చూసి, “మరి ఆ గుడ్డు పెట్టిన తల్లి ఊరుకుందా?” అన్నారు. ఆవిడకు రెండో గుడ్డు సంగతి చెప్పాక గాని ఊరట కలగలేదు. (సైలో తర్వాత ఒక ఆడ పెంగ్విన్‌తో జతకట్టింది. పుస్తకం గిట్టనివాళ్లు దాన్నే పట్టుకుని ఎత్తిపొడుస్తుంటారు. టాంగోను పెంచింది మాత్రం ఆ రెండే కదా!)

ఈ పుస్తకాలన్నీ బాగుంటాయని చెప్పను. కొన్నింట్లో కథ తక్కువ, ఉపదేశం ఎక్కువ. 1989 నాటి ‘హెదర్ హాజ్ టూ మమ్మీస్’ మొదటి ముద్రణలో ఆ పాప ఎలా కడుపున పడిందో కూడా వివరించారు, తర్వాతి ముద్రణల్లో తీసేశారు. తీసేయడమే మంచిదైంది. అదే రచయిత్రి 2009లో పసివాళ్ల కోసం రాసిన ‘మమ్మీ, మామా అండ్ మి’ నాకు నచ్చింది. ఇద్దరు అమ్మలతో ఒక పాప గడిపే మామూలు రోజు, అంతే.

మతపరమైన అభ్యంతరం ఉన్నవారికి వేరే దారి ఉంది. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ తల్లిదండ్రులు వేసిన కేసులో, ఇలాంటి పుస్తకాలు తరగతిలో చదివించే ముందు వారికి తెలియజేసి, పిల్లలను పక్కకు పంపుకునే వీలివ్వాలని అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్‌లో 6-3తో చెప్పింది. కానీ రేపు ఇద్దరు అమ్మలున్న పిల్ల మీ బాబును పుట్టినరోజుకు పిలిస్తే? మా అమ్మాయి తరగతిలో అలాంటి పాప ఉంది. మదర్స్ డేకి రెండు కార్డులు చేయాల్సి రావడమే తనకున్న పెద్ద ఇబ్బంది.

“వీళ్ల నాన్న ఏరి?” అని బాబు అడిగితే, “ఈ ఇంట్లో ఇద్దరూ అమ్మలే, ఇద్దరూ కలిసి పెంచుతున్నారు” అనండి. అయిదేళ్లవాడికి అది చాలు. అడగకపోతే మీరై మొదలుపెట్టకండి, పేజీ తిప్పేయండి.