మూత ఎత్తే ముందు వెనక్కి తిప్పి చూడు

అమ్మలూ,

నిన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేసి "నీ మేనకోడలు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ల్యాప్‌టాప్ కొనుక్కుంటుందట, నన్నేమీ అడగలేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మీ నాన్న గొంతు నువ్వు వినాల్సింది, నీ ముందైతే చచ్చినా అలా మాట్లాడడు. నేనూ ఓ పది నిమిషాలు పొంగిపోయాను. తర్వాత నువ్వు అనుకుంటున్న మోడల్ వివరాలు పంపించాడు. అవి చదివాక నిద్ర పట్టలేదు.

ఇరవై ఏళ్ళు డీటీపీ, అంటే కంప్యూటర్లో పుస్తకాలకి టైపింగ్, పేజీల కూర్పు, చేసి బతికిన అత్త ఉండగా వీడియోలు చూసి నిర్ణయించుకున్నావా? సరే, తిట్లు తర్వాత.

ముందు అందులోని ప్రాసెసర్ పేరు సంగతి, ల్యాప్‌టాప్‌కి మెదడు లాంటిది అదే. "రైజెన్ 5, 7000 సిరీస్" అని చూసి కొత్తదే అనుకుని ఉంటావు. దాని పూర్తి పేరు 7520యూ. ఆ సిరీస్‌లో మొదటి అంకె చూసి మోసపోకూడదు, మూడో అంకె చూడాలి. అక్కడ 2 ఉందంటే లోపలున్నది 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు, అంటే పని పంచుకునే భాగాలు నాలుగు. దాని పక్కనే దాదాపు అదే పేరుతో 7530యూ ఉంటుంది, అది జెన్ 3, ఆరు కోర్లు. ఒక్క అంకె తేడా. నీ నోట్సుకీ, బ్రౌజర్‌కీ, ఆన్‌లైన్ క్లాసులకీ మొదటిది కూడా సరిపోతుంది, చెత్తదని అనను. కానీ పాతదాన్ని పాతదని తెలిసి, ఆ ధరకే కొనాలి. ఇంటెల్ వైపు ఎన్100 లాంటివీ ఇంతే, తేలిక పనులకి హాయిగా నడుస్తాయి, బరువైన పని పెడితే ఆయాసపడతాయి.

నాకు భయం ప్రాసెసర్ గురించి కాదు. ఆ 7520యూ ఉన్నదాంట్లో ర్యామ్‌ని, అంటే తెరిచిన పనులన్నీ నడిచే మెమరీని, బోర్డుకే సోల్డర్ చేసి అతికించేస్తారు. నువ్వు చూసింది 8 జీబీ. రెండేళ్ళకి చాలకపోతే ఇంకో 8 తెచ్చి పెట్టుకోవడానికి స్లాటే ఉండదు. తక్కువ డబ్బులో కొనేటప్పుడు ఎక్కడో ఒకచోట రాజీ పడక తప్పదు, ఒప్పుకుంటాను, కాకపోతే తర్వాత మార్చుకోగలిగిన దాంట్లో రాజీ పడు. ఫైళ్ళు దాచే ఎస్ఎస్‌డీ చిన్నదైతే రేపు పెద్దది వేయించుకుంటాం. ప్రాసెసర్, స్క్రీను, సోల్డర్ చేసిన ర్యామ్, ఇవి కొన్నరోజు ఎలా ఉంటే అలాగే ఉంటాయి. 4 జీబీ ర్యామ్ అయితే అసలు ఆగి చూడకు. విండోస్ 11 కనీస అర్హత 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ అని రాసి ఉంటుంది, నిజమే, అది మొదలవడానికి చాలు, నువ్వు పని చేసుకోవడానికి చాలదు.

ఇప్పుడు స్టోరేజీ. ఇది నెమ్మదిగా చదువు.

2016లో నేనొక చిన్న ల్యాప్‌టాప్ కొన్నాను. పనికి డెస్క్‌టాప్ ఎలాగూ ఉంది, ఇది మీ తాతయ్య మంచం పక్కన కూర్చుని టైప్ చేసుకోవడానికి. అప్పటికే ఆయనకి చేతులు వణికేవి, కలం నిలవదు. "నేను చెప్తాను, నువ్వు రాయి" అన్నారు. సన్నగా, తేలిగ్గా, ఫ్యాను చప్పుడు లేకుండా ఉందని మురిసిపోయి తీసుకున్నాను. 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎమ్ఎమ్‌సీ. ఈఎమ్ఎమ్‌సీ అంటే మామూలుగా ఫోన్లలో ఉండే రకం మెమరీ, ఎస్ఎస్‌డీ కంటే నెమ్మది, విడిగా ఊడి రాదు, బోర్డు మీదే అతికించి ఉంటుంది. నాకది తెలుసా అంటే తెలుసు. టైపింగ్‌కి ఎంత కావాలిలే అనుకున్నాను.

రోజూ సాయంత్రం ఓ గంట. ఆయన పుట్టిన ఇల్లు, వాళ్ళమ్మ, బడి, బడి ఎగ్గొట్టిన రోజులు. నూట నలభై మూడు పేజీలయింది. మధ్యమధ్యలో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేదాన్ని, నేను మరీ అంత బుద్ధిలేనిదాన్ని కాదు. ఒకరోజు విండోస్ అప్‌డేట్ వచ్చింది. చోటు లేదంది. ఉన్నదే 32, అందులో సగానికి పైగా దానికే పోయింది, ఇంకా చోటు కావాలట. బయటి డ్రైవ్ ఏదైనా పెట్టమని అడిగింది. చేతికి అందిన పెన్‌డ్రైవ్ అదే. అసలు ఫైలు ల్యాప్‌టాప్‌లో ఉందిగా, అప్‌డేట్ అయ్యాక మళ్ళీ కాపీ చేసుకుందాం అని పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి ఇచ్చాను. అప్‌డేట్ శుభ్రంగా అయింది. కాపీ సంగతి మర్చిపోయాను. వారం తర్వాత మీట నొక్కితే లైటు కూడా వెలగలేదు.

రిపేరు చేసే అబ్బాయి అడుగు మూత విప్పి చూసి, బోర్డు పోయిందమ్మా అన్నాడు. పోతే పోయింది, లోపలున్నది వేరేదానికి తగిలించి ఇవ్వు బాబూ అన్నాను. "తగిలించడానికి విడిగా ఏముందమ్మా, అదీ బోర్డుతోనే" అన్నాడు. ఆ చిప్పుని ఊడదీసి చదివే పెద్ద ల్యాబులుంటాయట, ఖర్చెక్కువ, వస్తుందన్న హామీ లేదు.

ఇంటికొచ్చేసరికి తాతయ్య దిండుకి ఆనుకుని కూర్చున్నారు, "నిన్న ఎక్కడ ఆపాం?" అని. చెప్పలేకపోయానే. కాసేపాగి, మళ్ళీ ఒకసారి మొదట్నించీ చెప్పండి నాన్నా అని అడిగి చూశాను. "అదంతా రాసేశావుగా, ముందుకు పద" అన్నారు. ముందుకే వెళ్ళాం. తర్వాతి ఏడాది ఆయన వెళ్ళిపోయారు.

చిన్నప్పుడు నన్నొకసారి అడిగావు గుర్తుందా, "తాతయ్య కథ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మొదలైందేంటి అత్తా, అంతకుముందు ఏం లేదా?" అని. ఏదో చెప్పి తప్పించుకున్నాను. మీ నాన్నకీ ఇంతవరకూ తెలియదు. ఇది వాడికి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు.

అందుకే ఏ ల్యాప్‌టాప్ చూపించినా నేను ముందు వెనక్కి తిప్పుతాను. స్క్రూలు ఉన్నాయా, అడుగు మూత వస్తుందా, లోపల ఎస్ఎస్‌డీ విడిగా స్లాట్‌లో ఉందా. వివరాల్లో "ఎమ్.2 ఎన్‌వీఎమ్ఈ" అని ఉంటే సాధారణంగా ఊడి వచ్చేదే. "ఈఎమ్ఎమ్‌సీ" అన్న మాట కనపడితే పేజీ మూసేయ్, ఎంత ముద్దొచ్చినా సరే. ఇంకోటి, ఇప్పటి విండోస్ చాలావాటిలో డ్రైవ్‌కి దానంతటదే తాళం వేస్తుంది, ఊడదీసి వేరేదానికి పెట్టినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కొన్నరోజే ఆ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసి నాకు కూడా ఒకటి పంపు. నవ్వకు.

మిగతావి నీకు తెలిసినవే. స్క్రీను 1920 బై 1080, ఐపీఎస్ రకం. టీఎన్ రకం అయితే కాస్త పక్కనుంచి చూసినా రంగులు మారిపోతాయి. మూత ఒక మూల పట్టుకుని తెరిచి చూడు, కీలు దగ్గర కిర్రుమంటే వద్దు. బ్యాటరీ ఎన్ని గంటలని రాశారో కాదు, ఎన్ని వాట్ అవర్లో, అంటే ఎంత కరెంటు పడుతుందో చూడు, 40 లోపలైతే చార్జర్ వెంట మోయాలి. టైప్-సీ పోర్టు ఉన్నంత మాత్రాన దాంతో చార్జ్ అవుతుందని అనుకోకు, అడుగు. బిల్లు, వారంటీ సరే.

మీ నాన్న రీఫర్బిష్డ్ అంటే మొహం చిట్లించావట. ఆఫీసుల్లో వాడి వదిలేసినవి చాలావరకు గట్టిగా ఉంటాయి, విప్పడం తేలిక, ర్యామ్ స్లాట్లూ తరచుగా ఉంటాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి 11 అధికారికంగా నడవాలి, అంటే ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది. బ్యాటరీ రిపోర్ట్ తీసి, డిజైన్ కెపాసిటీ ఎంత, ఇప్పుడు నిండితే ఎంత అన్నది పోల్చి చూడు. బాగా తగ్గి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో కలుపుకో. అప్పటికీ కొత్తదే కావాలంటే కొత్తదే తీసుకో, నీ కష్టార్జితం, ఆ సరదా నాకు తెలుసు.

ఒకే మోడల్ పేరు మీద నాలుగైదు రకాలు అమ్ముతారు, ఒకదాంట్లో స్లాటు ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. డబ్బు కట్టే ముందు చివరి అక్షరాలతో సహా పూర్తి నంబరు నాకు పంపు. అర్ధరాత్రైనా పర్లేదు, మేలుకునే ఉంటాను.

నీ అత్త