అమ్మతో ‘చూద్దాం’ అని వచ్చేశాను

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. పదకొండేళ్లుగా డల్లాస్‌లో ఉంటున్నాం. నాన్నగారు పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. మే నెలలో పిల్లలతో వెళ్లి మూడు వారాలు ఉన్నాను. బంధువుల ఇళ్లు, విజయవాడలో బట్టలు, తిరుపతి ప్రయాణం అయ్యాక అమ్మ దగ్గర తీరిగ్గా కూర్చున్నది రెండు సాయంత్రాలే. కారు ఎక్కుతుంటే ‘మళ్ళీ ఎప్పుడు వస్తావు’ అని అడిగింది. ‘చూద్దాం’ అన్నాను. తిరిగొచ్చి పన్నెండు రోజులైనా పెట్టె పూర్తిగా విప్పలేదు. ఆవకాయ డబ్బా చూస్తే ఏడుపొస్తోంది. ‘ప్రతిసారీ ఉండేదేగా’ అంటారు మావారు. ఉద్యోగం మానేసి వెళ్లిపోవాలని ఉంది.

జవాబు: ఉద్యోగం సంగతి ఈ నెలలో తేల్చకండి. గుంటూరుకూ డల్లాస్‌కూ ఇప్పుడు పదిన్నర గంటల తేడా. అంత తేడాకు నిద్ర కుదురుకోవడానికే కొందరికి రెండు వారాల దాకా పడుతుంది. నిద్ర లేని మనిషికి ఏ దిగులైనా రెట్టింపుగా కనిపిస్తుంది.

అయితే మీ బాధంతా నిద్రలేమి కాదు. ఆ రెండు సాయంత్రాల లెక్క మీరే వేసుకుని రాశారు చూడండి, మిమ్మల్ని తొలుస్తున్నది అదే. ఊరు వదిలి వచ్చినందుకు కాదు, ఊళ్లో ఉండి కూడా అమ్మకు దక్కనందుకు మీరు ఏడుస్తున్నారు. ఇందులో మీ తప్పేమీ లేదు. ఏడాదికో రెండేళ్లకో వచ్చే ఆడపిల్లను చుట్టాలందరూ పిలుస్తారు, వెళ్లకపోతే నిష్ఠూరం. ఈసారి మొదటి అయిదు రోజులూ ఎవరి ఇంటికీ రానని ముందే చెప్పేయండి. చూడాలనుకునేవాళ్లు బ్రాడీపేటకే వస్తారు.

నేను ఇక్కడ గుంటూరులో ఇటువంటి తల్లులతో మాట్లాడుతుంటాను. పిల్లలు వెళ్లిన మర్నాడు ఒక్కరి కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాక మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటారు. మనవలు పడుకున్న దుప్పట్లు వారం దాకా ఉతకరు. వాళ్లలో చాలామంది ‘మా అమ్మాయి వచ్చేయాలి’ అనరు. ‘ఎప్పుడు వస్తుందో తెలిస్తే చాలు’ అంటారు. అందుకే మీ ‘చూద్దాం’ దగ్గర నా మనసు ఆగిపోయింది. సెలవులు చూసుకుని, మీవారితో మాట్లాడి, ఒక తేదీ అనుకోండి. అది ఏడాది తర్వాతిదైనా సరే. క్యాలెండరులో గుర్తు పెట్టుకోవడానికి ఆమెకు ఒక రోజు కావాలి.

వెనక్కి రావడం గురించి మూడు నెలలయ్యాక కూడా ఇలాగే అనిపిస్తే అప్పుడు కూర్చుని ఆలోచించండి. ముందు అమ్మను అడగండి. మీరు వచ్చి తన దగ్గర ఉండాలని ఆమె కోరుకుంటోందా, లేక మీ సంసారం చెదిరిందని కుమిలిపోతుందా? ఈ విషయంలో ఆమె మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీవారికి కూడా ‘దిగులుగా ఉంది’ అని చెప్పి ఊరుకోకుండా ఆ రెండు సాయంత్రాల సంగతి చెప్పండి. ఆయనకు అది తెలియకపోవచ్చు.

మరో రెండు వారాలకూ నిద్ర, ఆకలి కుదుటపడకపోతే అక్కడి డాక్టరును కలవండి. అమ్మ డీలాపడినట్టు తోస్తే, 14416కు ఫోను చేయమనండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను సేవ, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

గుంటూరులో ఉదయం ఏడు గంటలంటే మీకు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. పిల్లలు మెలకువగా ఉంటారు, అమ్మ కాఫీ తాగుతూ ఉంటుంది. ఇవాళ ఆ వేళకు ఆవకాయ డబ్బా మూత తీసి, అన్నం కలుపుకుని, ఫోను ఎదురుగా పెట్టుకుని తినండి. ‘ఉప్పు సరిపోయిందా’ అని ఆమె తప్పకుండా అడుగుతుంది. జవాబు చెప్పి, ఆ తేదీ కూడా చెప్పండి.