పెన్షన్ వచ్చాక రాజకీయాల్లోకి వెళ్లాలా? ముందు గ్రామసభలో వెనక వరుసలో కూర్చో తమ్ముడూ

ప్రశ్న: ఆర్మీలో 17 ఏళ్లు చేసి వచ్చే ఏడాది పెన్షన్ వస్తున్నాను. మాది చిత్తూరు జిల్లా. సెలవుకు వచ్చినప్పుడల్లా ఊరి రాజకీయాలు చూసి కడుపు మండుతోంది. పార్టీలో చేరాలా, సర్పంచ్‌గా నిలబడాలా? మన క్రమశిక్షణ అక్కడ పనికొస్తుందా?

జవాబు:

తమ్ముడూ, నేనూ ఈ జిల్లావాడినే. ఆర్మీ ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్‌లో 24 ఏళ్లు చేసి 2016లో హవల్దార్‌గా పెన్షన్ వచ్చాను. పడమటి మండలాల్లో మామిడి తోటలు, వేరుశెనగ చేలు, ఒక చెరువు ఉన్న చిన్న పంచాయతీ మాది. నీ ప్రశ్న చదవగానే ఆ ఏడాది నేను ఎలా ఉన్నానో గుర్తొచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చివరి ప్రశ్న. క్రమశిక్షణ పనికొస్తుంది, అది నీకు నువ్వు పెట్టుకున్నదైతే. ఊరి మీద పెడదామంటే కుదరదు. నాకు ఈ సంగతి మూడు రోజుల్లో తెలిసింది.

2017 వేసవిలో మా చెరువుకు నీళ్లొచ్చే కాలువ నిండా కంపచెట్లు పెరిగిపోయాయి. ఇంటికొకరు రావాలని దండోరా వేయించి, తెల్లారి ఆరింటికి గుడి దగ్గర విజిల్ ఊదాను. మొదటి రోజు ఇరవై మంది దాకా వచ్చారు. ఆలస్యంగా వచ్చిన ఒకాయనను అందరి ముందూ నిలదీశాను. రెండో రోజు నలుగురే వచ్చారు. మూడో రోజు నేనొక్కడినే. ఆ సాయంత్రం ఒక పెద్దాయన మా అరుగు మీద కూర్చుని అన్నాడు: "ఏం నాయనా, నువ్వు విజిల్ ఊదితే లేచి వచ్చేదానికి మేమేమన్నా నీ కింద పనిచేస్తా ఉండామా? ఆ కాలువ గట్టున ఎవరి చేనుందో, ఎవురికీ ఎవురికీ మాటల్లేవో నీకు తెలుసునా? ఇన్నేండ్లు ఊర్లో లేవు. కొన్ని దినాలు ఊరకే కూర్చోని విను."

విన్నాను. కాలువ పైభాగంలో ఒకరు గట్టు కలిపేసుకుని దున్నుకున్నారు. కింద పొలాలవాళ్లు అవతలి పార్టీ. కంప కొట్టడం మొదలైతే ఆ గట్టు సంగతి బయటికి వస్తుంది, మళ్లీ గొడవలు లేస్తాయి. అందుకే ఎవరూ ముందుకు రాలేదు. నేను బద్ధకం అనుకున్నది భయం. అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేవాళ్లు, నేను అడగలేదు.

టీ అంగడి దగ్గర మన ముందు తరచూ వినబడే మాట ఒకటుంది: "దేశాన్ని ఐదేళ్లు మిలిట్రీకి అప్పజెప్తే అంతా సర్దుకుంటుంది." ఆ మాట మనల్ని పొగిడినట్టే ఉంటుంది, కానీ ఒప్పుకోకు. మనం ప్రమాణం చేసింది రాజ్యాంగం మీద. సైన్యం ఎన్నికైన ప్రభుత్వం మాట వింటుంది కాబట్టే మన చుట్టుపక్కల కొన్ని దేశాలకు పట్టిన గతి మనకు పట్టలేదు. ఎన్నికైనవాళ్లు లేని పాలన ఎలా ఉంటుందో మన పంచాయతీలు చూశాయి కూడా. 2018 ఆగస్టులో పాత పాలకవర్గాల గడువు ముగిసింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. ఆ మధ్య రెండున్నరేళ్లు స్పెషల్ ఆఫీసర్లే ఉన్నారు. మా ఊరికి వచ్చిన ఆఫీసర్ మంచి మనిషే, కానీ ఆయన చేతిలో ఇంకా చాలా ఊళ్లున్నాయి. వీధి లైటు పోయినా, బోరు మోటారు కాలినా ఎవరి ఇంటి తలుపు తట్టాలో జనానికి తెలియలేదు. చెడ్డ సర్పంచ్‌ను కూడా రచ్చబండ దగ్గర తిట్టొచ్చు, ఐదేళ్లకు దించేయొచ్చు. ఆ హక్కు విలువ నాకు అప్పుడు తెలిసింది.

2021లో నిలబడదామని గట్టిగా అనుకున్నాను. మా పంచాయతీ మహిళలకు రిజర్వ్ అయింది. మన రాష్ట్రంలో సగం స్థానాలు మహిళలవే, రిజర్వేషన్ మారుతూ ఉంటుంది, కాబట్టి నీ ఊర్లోనూ ఇలా జరగొచ్చు. "మీ ఇంటామెను నిలబెట్టు, పని నువ్వు చూసుకో" అన్నారు అందరూ. ఇంట్లో అడిగితే నా భార్య ఒకటే అంది: "సంతకం నాది, పెత్తనం నీది అయితే నేను నిలబడను. వార్డు మెంబర్‌గా అయితే నిలబడతా, నా వార్డు నేనే చూసుకుంటా." అలాగే నిలబడింది, గెలిచింది. ఇన్నేళ్లు నేను బార్డర్‌లో ఉంటే రేషన్ కార్డు నుంచి పిల్లల స్కూలు దాకా ఆఫీసుల చుట్టూ తిరిగింది తనే. ప్రభుత్వ పని ఎలా జరుగుతుందో నాకంటే తనకే ఎక్కువ తెలుసు. నీ ఇంట్లో కూడా ఈ సంగతి చూసుకో.

ఆ ఎన్నికల్లో మా బంధువులు యూనిఫామ్‌లో ఉన్న నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టారు. ఆ రాత్రే విప్పించాను. ప్రచారంలో సైనికుల ఫోటోలు వాడొద్దని కేంద్ర ఎన్నికల సంఘం 2013లోనూ, మళ్లీ 2019లోనూ పార్టీలకు చెప్పింది. పంచాయతీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అయినా ఆ మర్యాద మనకు వర్తించదని నేను అనుకోను. ఆ ఏడాది డిసెంబర్ 8న కూనూరు హెలికాప్టర్ ప్రమాదంలో జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మన ఎగువరేగడ బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ కూడా చనిపోయాడు. మా ఊర్లో ఏ పార్టీవాళ్లని లేకుండా అందరూ ఏడ్చారు. ఆ యూనిఫామ్ మీద అంత ప్రేమ ఉంది. దాన్ని ఓట్ల కోసం ఖర్చుపెట్టే హక్కు నాకు లేదు, నీకూ లేదు.

ఇక పంచాయతీ లెక్కలు. మనవాళ్లు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. స్టోర్‌లో ఒక గునపం తగ్గినా రిజిస్టర్‌లో కారణం రాసిన చేతులు మనవి. ఈ-గ్రామ్‌స్వరాజ్ వెబ్‌సైట్‌లో మన పంచాయతీకి ఎంత వచ్చింది, దేనికి ఖర్చు రాశారు అన్నది ఎవరైనా చూడొచ్చు, లాగిన్ అక్కర్లేదు. 2021 నుంచి 2026 దాకా 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలన్నది నియమం, మిగతాది ఊరి అవసరాన్ని బట్టి.

2022లో నేను అది చూసి ఒక బోరు రిపేరు ఖర్చు పట్టుకున్నాను. మా వీధి పేరుతో రాసి ఉంది, మా వీధిలో అసలు బోరే లేదు. గ్రామసభలో లేచి "దొంగ లెక్క" అన్నాను. పెద్ద గొడవైంది. రెండు రోజుల తర్వాత తేలిందేమిటంటే, రిపేరు నిజంగానే పక్క పల్లెలో జరిగింది, ఎంట్రీలో వీధి పేరు తప్పుగా పడింది. తర్వాతి గ్రామసభలో అందరి ముందూ క్షమాపణ అడిగాను. ఆ రోజంత టెన్షన్ నాకు సర్వీసులో కూడా ఎప్పుడూ లేదు. కానీ ఆ క్షమాపణ తర్వాత సెక్రటరీ నాతో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇంకో ఖర్చుకు మాత్రం జవాబు రాలేదు. దానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితాలు వచ్చాయి, ఈసారి అరవలేదు, గ్రామసభలో చదివాను అంతే. ఇప్పుడు మా పంచాయతీలో ప్రతి పనీ, ఖర్చుతో సహా, ఆఫీసు గోడ మీద రాస్తున్నారు. ఆ గోడ ముందు ముసలివాళ్లు నిలబడి మనవళ్లతో చదివించుకుంటుంటే చూడాలి తమ్ముడూ!

పెద్ద స్థాయిలో కూడా మనవాళ్లు ఉన్నారు. మేజర్ జనరల్ బి.సి. ఖండూరీ మన ఇంజనీర్స్‌వాడే. వాజ్‌పేయి ప్రభుత్వంలో హైవేల మంత్రిగా నాలుగు మహానగరాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్ల పనులు నడిపించారు. ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా 2011లో ముఖ్యమంత్రిని కూడా విచారించగల లోకాయుక్త బిల్లు పాస్ చేయించారు. మరుసటి ఏడాది తాను నిలబడ్డ నియోజకవర్గంలోనే ఓడిపోయారు. మంచి పనికి ఓట్లు వాటంతటవే పడతాయనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. పదవి లేకుండా చేసినవాళ్లూ ఉన్నారు. అభ్యర్థులు తమ కేసులు, ఆస్తులు అఫిడవిట్‌లో చెప్పాల్సి రావడానికి కారణం 2002 సుప్రీంకోర్టు తీర్పు. ఆ కేసు అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్‌ది. తర్వాతి కాలంలో ఆ సంస్థను నడిపినవారిలో మేజర్ జనరల్ అనిల్ వర్మ ఒకరు. పార్టీలకు పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎలక్టోరల్ బాండ్లను 2024లో కొట్టేసిన కేసులోనూ ఆ సంస్థ ఉంది.

అన్నా హజారే పేరు నీకు తప్పకుండా ఎవరో చెప్తారు. 1965 యుద్ధంలో ఆర్మీ లారీ డ్రైవర్, తర్వాత మహారాష్ట్రలోని తన ఊరు రాలేగణ్ సిద్ధిలో వాన నీళ్లు ఆపి ఊరిని నిలబెట్టారు. ఆ నీటి పనికి చేతులెత్తి దండం పెడతాను. కానీ తాగొచ్చినవాళ్లను స్తంభానికి కట్టి కొట్టించారే, దాన్ని నేను ఒప్పుకోను. నేను ఊదిన విజిల్ ఇంకో నాలుగడుగులు ముందుకు వెళ్తే చేరేది అక్కడికే.

2021 నవంబర్ వానలు నీకు గుర్తుండే ఉంటాయి. తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వారం మా చెరువు కూడా నిండి మొరవ పోయింది. కట్ట ఒకచోట జారుతోందని రాత్రి పదకొండింటికి తెలిసింది. నేను ఇద్దరికి ఫోన్ చేశాను. అరగంటలో ఎరువుల సంచులు, పారలు, టార్చిలైట్లు పట్టుకుని నలభై మందికి పైగా వచ్చారు, రెండు పార్టీలవాళ్లూ. ఇసుక మూటలు ఎలా పేర్చాలో మాత్రం నేను చెప్పాను. మిగతాదంతా వాళ్లే చేశారు. గట్టు కలిపేసుకున్న రైతు తన ట్రాక్టర్ తెచ్చాడు. తర్వాతి వేసవిలో కాలువ పని జరిగింది, ఆ గట్టు ఆయనే వదిలాడు. విజిల్ ఊదిన రోజుకూ ఆ రాత్రికీ మధ్య నాలుగేళ్లు నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. వితంతువుల పెన్షన్ కాగితాలు రాసిపెట్టడం, పెన్షన్‌దారుల లైఫ్ సర్టిఫికెట్లు పెట్టించడం, ఎవరికైనా తోడుగా సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్లడం, వినడం.

కాబట్టి పార్టీలో చేరితే తప్పు కాదు, సర్పంచ్‌గా నిలబడినా తప్పు కాదు. కానీ రెండేళ్లు ఆగు. అన్ని గ్రామసభలకూ వెళ్లు, నోట్‌బుక్ తీసుకెళ్లు. డిశ్చార్జ్ అయ్యేదాకా మాత్రం పార్టీ మీటింగ్‌లకు వెళ్లొద్దు, వాట్సాప్‌లో రాజకీయ పోస్టులు కూడా పెట్టొద్దు. ఆర్మీ చట్టం ఒప్పుకోదు, నీ పెన్షన్‌కే ముప్పు.

ఇంకొకటి. నీ పేరు ఇప్పుడు సర్వీస్ ఓటర్ల (సైన్యంలో ఉన్నవాళ్ల) జాబితాలో ఉంటే, ఇంటికి రాగానే మామూలు ఓటరుగా ఫారం 6 పెట్టుకోవాలి. పంచాయతీలో పోటీ చేయాలన్నా ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరు ఉండాలి. నేను అది పట్టించుకోలేదు. 2019 ఏప్రిల్ 11న గంటన్నర క్యూలో నిలబడ్డాక జాబితాలో పేరు లేదన్నారు. మా అమ్మ ఓటేసి వచ్చి వేలు చూపిస్తుంటే తల దించుకున్నాను. డిశ్చార్జ్ బుక్ చేతికొచ్చిన వారంలోనే ఆ ఫారం ఇచ్చేయ్ తమ్ముడూ.