తుపాను వస్తోందన్నా ఇల్లు కదలనివారు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది విశాఖపట్నంలో పెదజాలారిపేట. తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ అధికారులు వచ్చి దగ్గరలోని పాఠశాలకు వెళ్లమంటారు. గతంలో వెళ్లాం. తీరా చూస్తే తుపాను మరోచోట తీరం దాటింది. మా మామగారు ఇకమీదట రానని తేల్చి చెప్పారు. “హుద్‌హుద్‌నే ఈ ఇంట్లో కూర్చుని చూశాను, సముద్రం సంగతి నాకు చెప్పకండి” అంటారు. పడవను, వలలను వదిలి రావడానికి ఆయనకు మనసొప్పదు. పిల్లల్ని తీసుకుని నేను వెళ్లిపోవాలా, పెద్దాయనను ఒంటరిగా వదలలేక ఆయనతోపాటు ఉండిపోవాలా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, పిల్లలతో మీరు వెళ్లవలసిందే, ఇందులో రెండో మాటకు తావు లేదు. అయితే మీ మామగారిని కూడా తీసుకువెళ్లే మార్గం ఉంది. ఆయనది మొండితనం అనుకున్నంతకాలం ఆ మార్గం మనకు కనిపించదు. ఆయన చెబుతున్న మాటల్లో మూడు కారణాలున్నాయి. మూడూ ఆలోచించదగినవే.

మొదటిది, గతంలో వెళ్లినప్పుడు తుపాను రాలేదన్నది. తుపాను తీరం దాటే చోటును వాతావరణ శాఖ నేడు చాలా దగ్గరగా చెప్పగలుగుతోంది కానీ, ఒకటి రెండు రోజుల ముందు చెప్పే అంచనాలో కొన్ని పదుల కిలోమీటర్ల తేడా ఉండడం సహజం. జనాన్ని ఖాళీ చేయించడానికి కనీసం ఒక పగలు పడుతుంది కనుక, ఖచ్చితమైన చోటు తెలిసేదాకా అధికారులు ఆగలేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను విశాఖను వదిలి శ్రీకాకుళం జిల్లాలో పలాస సమీపాన తీరం దాటింది. మనకు అది రాని తుపాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన రైతులకు మాత్రం అది వారి జీవితాలను తలకిందులు చేసిన తుపాను. మీ కుటుంబం ఆ రాత్రుళ్లు పాఠశాలలో గడిపిందంటే హెచ్చరిక అబద్ధమైందని కాదు, అదే దెబ్బ మరొకరి మీద పడిందని అర్థం. ఈ మాటను ఆయనకు ఉద్దానం వైపు బంధువులెవరైనా ఉంటే వారి నోట చెప్పించండి. అధికారి మాట కన్నా బంధువు మాట మన ఇళ్లలో ఎక్కువ దూరం వెళుతుంది.

రెండోది హుద్‌హుద్ అనుభవం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే విశాఖలో చాలామంది పెద్దల ధైర్యానికి మూలం ఇదే. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ నేరుగా మన నగరం వద్దే తీరం దాటింది. గాలి వేగం గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వరకు ఉంది. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, నగరం పచ్చదనంలో పెద్ద భాగం ఒక్క రోజులో పోయింది, బీచ్ రోడ్డు కోతకు గురైంది. ఇంతటి గాలిలోనూ ఉప్పెన మాత్రం సుమారు 1.4 మీటర్లకు మించలేదు. మీ మామగారు చూసింది గాలిని. నీటి పూర్తి బలాన్ని ఆయన చూడలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అయిదు మీటర్ల ఎత్తున వచ్చింది, పది వేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడ సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ, నేల పల్లం, అందుచేత గాలి నెట్టిన నీరు పైకి లేచి ఊళ్ల మీదికి నడిచివచ్చింది. విశాఖ తీరంలో లోతు త్వరగా పెరుగుతుంది, వెనుక కొండలున్నాయి, కాబట్టి ఆ ఎత్తు ఉప్పెన ఇక్కడ రావడం కష్టమే. అయినా లోతైన నీటి మీదుగా వచ్చే అలలు బలం తగ్గకుండా ఒడ్డుకు కొడతాయి. ఇసుక అంచున ఉన్న ఇంటికి 1.4 మీటర్ల నీరు, దాని మీద అల, రెండూ కలిస్తే చాలు. పైగా మన తీరంలో తుపాను దాటిన చోటుకు ఉత్తరంగా ఉన్నవారికే సముద్రం నుంచి నేలవైపు వీచే గాలి తగులుతుంది. తుపాను విశాఖకు కొంచెం దక్షిణంగా, అచ్యుతాపురం వైపు దాటితే, ఆటుపోట్లలో పోటు సమయం కూడా దానితో కలిస్తే, హుద్‌హుద్ నాటి లెక్క ఏమాత్రం పనికిరాదు. ఒక తుపానును తట్టుకున్నామంటే ఆ ఒక్క తుపానునే తట్టుకున్నామని లెక్క. సముద్రం మీద బతికిన మనిషికి ఈ పోటు, అల, గాలి దిక్కుల లెక్క మనకన్నా బాగా తెలుసు. ఆ భాషలోనే మాట్లాడితే ఆయన వినే అవకాశం ఉంది.

మూడోది పడవ. నిజానికి మొదటి రెండూ ఆయన నోటితో చెప్పేవి, ఇది మనసులో ఉన్నది. పడవా ఇంజనూ వలలూ కలిసి ఆ కుటుంబం జీవనాధారం, ఎన్నో ఏళ్ల అప్పు కూడా కావచ్చు. దానిని గాలికి వదిలి పాఠశాల వరండాలో కూర్చోమనడం ఆయనకు న్యాయంగా కనిపించదు, అందులో తప్పు లేదు. అందుచేత మనుషుల తరలింపు కన్నా ముందు పడవ తరలింపు జరగాలి. రెండు రోజుల ముందు హెచ్చరిక వినగానే, ఆకాశం ఇంకా తేటగా ఉండగానే, పేటలో పదిమంది కుర్రాళ్లను పోగుచేసి పడవను రోడ్డు దాటించి వీలైనంత ఎత్తుకు లాగించండి. ఇంజను విప్పి, వలలు మడిచి, గట్టి శ్లాబు ఇంట్లో పెట్టించండి. పడవకు, ఇంజనుకు, వలలకు వేర్వేరుగా ఫొటోలు తీసి, రిజిస్ట్రేషన్ కాగితాలతో కలిపి ప్లాస్టిక్ సంచిలో దాచండి, పరిహారం లెక్కించే రోజున అవి అక్కరకు వస్తాయి. ఈ పనికంతటికీ పెద్దరికం ఆయనదే కావాలి. తన పడవ భద్రమయిందని తన చేతులతో చూసుకున్న మనిషి ఇంటి గడపను వదలడం అంత కష్టం కాదు.

ఇంకొక మాట అధికారులకు. పునరావాస కేంద్రంలో ఆడవాళ్లకు సరైన మరుగుదొడ్డి లేక, తాగే నీరు లేక ఒక రాత్రి ఇబ్బందిపడిన కుటుంబం రెండోసారి పిలిస్తే రాదు. ఒడిశాలో 1999 అక్టోబరు 29 నాటి పెను తుపానులో దాదాపు పది వేల మంది చనిపోయారు. ఆ తరువాత అక్కడ తీరం పొడవునా తుపాను ఆశ్రయ భవనాలు కట్టారు, ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద తీరం దాటేనాటికి దాదాపు పది లక్షల మంది ముందే కదిలారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. వెళ్లే చోటు నమ్మకంగా ఉన్నందుకే అంతమంది అక్కడ కదిలారు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో టాంపా నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2024 అక్టోబరులో మిల్టన్ హరికేన్ వస్తోందని టీవీలో చూసి మేము ఇక్కడ ఎంవీపీ కాలనీలో నిద్రపోలేదు. వాడేమో “మా ఇల్లు ఖాళీ చేయవలసిన జోన్‌లో లేదు నాన్నా, ఉండిపోతున్నాం” అన్నాడు. అంత డబ్బు, అన్ని కార్లు ఉన్న దేశంలో కూడా జనం ఎందుకు ఆగిపోతారు? వాడు చేసింది సరైనదేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

సమాధానం: హరికేన్ అన్నా, మన తుపాను అన్నా ఒకటే, పుట్టిన సముద్రాన్ని బట్టి పేరు మారుతుంది. మీ అబ్బాయి చెప్పినది నిజమైతే, ఇల్లు గట్టిదైతే, ఆయన చేసింది సరైనదే. ఫ్లోరిడాలో తరలింపు జోన్లకు అక్షరాలు పెట్టి, ఏ ఇంటి చిరునామా ఏ జోన్‌లోకి వస్తుందో ముందే తెలుసుకునే ఏర్పాటు చేశారు. ఆ జోన్లను గీసింది గాలిని బట్టి కాదు, ఉప్పెన నీరు ఎంతవరకు వస్తుందన్న లెక్కను బట్టి. నీటి నుంచి పారిపోవాలి, గాలికి గట్టి గోడల మధ్య దాక్కోవాలి. నీరు రాని చోట ఉన్నవాళ్లు కూడా కార్లెక్కితే, నీరు వచ్చే చోటివాళ్లకు రోడ్డు దొరకదు. 2005 సెప్టెంబరులో రీటా వచ్చినప్పుడు హ్యూస్టన్ ప్రాంతం నుంచి లక్షలాదిమంది ఒక్కసారిగా బయలుదేరారు. కార్లు గంటల తరబడి ఎండలో నిలిచిపోయాయి. ఆ ప్రయాణంలోనే వంద మందికి పైగా చనిపోయారు. అందుకే 2017లో హార్వే వచ్చినప్పుడు హ్యూస్టన్ మేయర్ నగరమంతటినీ ఖాళీ చేయమని ఆదేశించలేదు.

మిల్టన్ 2024 అక్టోబరు 9 రాత్రి టాంపాకు దక్షిణంగా, సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. అందువల్ల టాంపా అఖాతంలో నీరు పొంగడానికి బదులు వెనక్కి తగ్గింది, దక్షిణాన ఉన్న ఊళ్లకు ఉప్పెన వచ్చింది. దాటిన చోటు కొంచెం ఉత్తరానికి జరిగి ఉంటే టాంపా తీరంలో ఆగిపోయినవారి కథ వేరుగా ఉండేది. అంతకు రెండు వారాల ముందే హెలీన్ అదే అఖాతపు ఒడ్డు ఇళ్లలోకి నీరు తెచ్చింది కనుక, ఈసారి చాలామంది కదిలారు.

ఇక డబ్బున్న దేశంలో ఎందుకు ఆగిపోతారన్న మీ ప్రశ్నకు న్యూ ఓర్లీన్స్ సమాధానం చెబుతుంది. 2005 ఆగస్టు 28న తప్పనిసరిగా ఖాళీ చేయాలని ఆదేశం వచ్చింది. మరునాటి ఉదయమే కత్రినా తాకింది, వరద గోడలు తెగి నగరంలో 80 శాతం మునిగింది. చాలామంది కార్లలో వెళ్లిపోయారు. కార్లు లేనివారు, నెలాఖరు కనుక చేతిలో డబ్బు ఆడనివారు, మంచాన పడిన తల్లిదండ్రులు ఉన్నవారు మిగిలిపోయారు. పెంపుడు కుక్కలను ఆశ్రయాల్లోకి రానివ్వక ఆగినవారూ ఉన్నారు. అమెరికా చట్టసభ మరుసటి ఏడాదే, తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులను కూడా చేర్చాలని చట్టం చేసింది. 2008లో గుస్తావ్ వచ్చినప్పుడు న్యూ ఓర్లీన్స్‌లో బండి లేనివారి కోసం బస్సులు, రైళ్లు నడిపారు, నగరం చాలావరకు ఖాళీ అయింది. కత్రినా నాటి మనుషులే మూడేళ్లలో మారిపోయారనుకోలేము. కదలడానికి ఈసారి వాహనం ఇంటి దగ్గరికి వచ్చింది. ఆగిపోయినవారందరినీ మూర్ఖులని అనే అలవాటు మనలోనూ ఉంది కనుక ఇంత వివరంగా రాస్తున్నాను. ఆ మాట నాకు బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: అమ్మ మంచం మీద ఉన్నారు. మేము ఉండేది లాసన్స్ బే కాలనీలో, కింది అంతస్తులో. అంబులెన్సులో అటూ ఇటూ తిప్పడం కన్నా ఇంట్లోనే ఉంచడం మేలని మా అన్నయ్య అంటాడు.

సమాధానం: మీ అన్నయ్య భయం అకారణం కాదు. రీటా సమయంలో వృద్ధాశ్రమం వారిని తరలిస్తున్న ఒక బస్సుకు డల్లాస్ దగ్గర నిప్పంటుకుని 23 మంది చనిపోయారు. అయితే కత్రినాలో న్యూ ఓర్లీన్స్ పక్కనున్న సెయింట్ బెర్నార్డ్ ప్రాంతంలో, తరలించకుండా ఉంచేసిన ఒక వృద్ధుల సంరక్షణాలయంలో 35 మంది మునిగి చనిపోయారు. లూసియానాలో కత్రినా మృతుల్లో దాదాపు సగం మంది 75 ఏళ్లు దాటినవారే. ఆలస్యంగా, గుంపుగా, చివరి గంటల్లో కదలడం ఒక ప్రమాదం, కదలకపోవడం మరొక ప్రమాదం. మీకు మూడో దారి ఉంది. తుపాను ఇంకా రెండు రోజుల దూరంలో ఉండగానే, నగరంలోనే సముద్రానికి ఎడంగా, సీతమ్మధార వంటి మెరక మీద ఉన్న బంధువుల ఇంటికి, లిఫ్టు అవసరం లేని మొదటి అంతస్తుకు మార్చండి. కొండవాలు కింద ఉన్న ఇల్లు మాత్రం వద్దు, భారీ వానకు బండలు, మట్టి జారతాయి. ఆరిలోవ, హనుమంతవాక వైపు వాలు మీద ఇళ్లున్నవారికి కూడా ఇదే మాట వర్తిస్తుంది. కనీసం వారానికి సరిపడా మందులు, డాక్టరు చీటీ, తాగే నీరు దగ్గర ఉంచుకోండి. హుద్‌హుద్ తరువాత చాలా కాలనీలకు రోజుల తరబడి కరెంటు రాలేదు, కరెంటు లేక మోటార్లు నడవలేదు, ఫోన్లు కూడా మూగబోయాయి. ఆక్సిజన్ యంత్రం లేదా గాలి పరుపు మీద ఆధారపడిన రోగి అయితే ఇల్లు కాదు, జనరేటరు ఉన్న ఆసుపత్రే సరైన చోటు. ముందుగానే పడక మాట్లాడుకోండి.

ప్రశ్న: ఇంట్లోనే ఉండిపోవలసివస్తే, గాలి మధ్యలో ఆగినప్పుడు బయటికి వచ్చి పైకప్పు రేకులు సరిచేసుకోవచ్చా?

సమాధానం: రాకూడదు. అది తుపాను కన్ను మీ ఇంటి మీదుగా వెళ్లే సమయం. హుద్‌హుద్ రోజున విశాఖలో అలాగే గాలి తెరిపిచ్చింది, అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు, ఆ వెంటనే ఎదురు దిక్కు నుంచి అంతే బలమైన గాలి మొదలైంది. మొదటి విడతలో సగం ఊడిన రేకులు, సగం విరిగిన కొమ్మలు రెండో విడతలో ఎగిరి వస్తాయి. కిటికీలు లేని లోపలి గదిలో, అద్దాలకు దూరంగా ఉండండి. వాతావరణ శాఖ తుపాను దాటిపోయిందని రేడియోలో చెప్పేదాకా తలుపు తీయకండి. కరెంటు పోయాక జనరేటరు నడపవలసివస్తే దానిని ఇంట్లో గానీ, మూసిన బాల్కనీలో గానీ పెట్టకండి. 2020లో లారా హరికేన్ తరువాత లూసియానాలో ఆ పొగ పీల్చి కుటుంబాలు ప్రాణాలు కోల్పోయాయి. తెగిపడిన కరెంటు తీగ ఉన్న వీధిలో నీరు నిలిచి ఉంటే, విద్యుత్ సిబ్బంది వచ్చి లైను ఆపారని చెప్పేవరకు ఆ నీటిలో అడుగు పెట్టకండి.