గేమే కదా అంటున్నారు, మరి నాకెందుకు బాధ?

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎనిమిది నెలలుగా రోజూ నీతో ఆడే 14 ఏళ్ల పిల్లాడితో "ఒక్కసారి నాకివ్వు, రెండు చేసి ఇస్తా" అని చెప్పి ఆన్‌లైన్ గేమ్‌లో వాడి దగ్గరున్న అరుదైన కత్తి తీసుకుని, ఆ నిమిషమే బ్లాక్ చేసేశావు. ఫ్రెండ్సేమో గేమే కదా, నమ్మడం వాడి తప్పు అంటున్నారు, నీకేమో గేమ్ తెరవాలంటేనే మనసొప్పట్లేదు.

ఫ్రెండ్స్ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈవ్ ఆన్‌లైన్ అని 2003 నుంచి నడుస్తున్న గేమ్ ఉంది, అందులో ఎదుటోళ్లని నమ్మించి ఆస్తి కొట్టేయడం చాలావరకు రూల్స్ ఒప్పుకున్న పనే, పేకాటలో లేని ముక్క ఉన్నట్టు నటించడం లాంటిదన్నమాట, అది తెలిసే అందరూ ఆడతారు. అక్కడైనా కొట్టేసింది బయట అసలు డబ్బుకి అమ్ముకుంటే బ్యాన్ చేస్తారు. మీ గేమ్‌లో స్కామ్ చేస్తే అకౌంటే పోతుందని నువ్వే రాశావు, అంటే ఆ పిల్లాడు దీనికి ఒప్పుకుని రాలేదు. పైగా పరీక్షలంటే భయమేస్తోందని వాడు నీకు చెప్పుకుంటే నువ్వు ధైర్యం చెప్పావట, ఆ చనువు ఆటలోది కాదు కదా, దాన్ని వాడుకునే కత్తి తీసుకున్నావు. చదువుతుంటే నాకు ఎక్కువ బాధేసింది అక్కడే.

ఉత్తుత్తి కత్తే కదా అనుకోకు. 2007లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు కుర్రాళ్లు ఇంకో పిల్లాణ్ని కొట్టి బెదిరించి రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో వాడి తాయెత్తు, మాస్కు లాగేసుకున్నారు. వాటి కోసం ఆ పిల్లాడు పెట్టిన టైమూ శ్రమా వల్ల వాటికి విలువుంది, కాబట్టి అది దొంగతనమేనని 2012లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. నువ్వు కొట్టి లాక్కోలేదు, నిజమే, కానీ ఆ కత్తి కోసం వీడు కూడా రాత్రుళ్లు కూర్చున్నాడు.

కత్తి ఇంకా నీ దగ్గరే ఉందన్నావు కదా, ఈ రోజే అన్‌బ్లాక్ చేసి ఇచ్చెయ్. జోక్ చేశాననో, నీకు బుద్ధొస్తుందని చేశాననో మాత్రం రాయొద్దు, మోసం చేశాను, తప్పు నాదే అని రాయి చాలు. తిడితే పడు. రిపోర్ట్ కొట్టి నీ అకౌంట్ పోయినా వాణ్ని ఏమీ అనకు. మళ్లీ కలిసి ఆడదామని నువ్వు అడగొద్దు, వాడికి అనిపిస్తే వాడే అడుగుతాడు, అడక్కపోయినా సరే. ఇంకోటి, పంపేముందు ఆ మెసేజ్ నీ ఫ్రెండ్స్‌కి చూపించకు, చూస్తే ఆపేస్తారు. పంపాక వాడేమన్నాడో నాకు రాయి.