చైనావాళ్లు పనివాళ్లతో మొరటుగా ఉంటారా? షెన్‌జెన్‌లో నేను చూసింది

మీరు చూసిన ట్రావెల్ వీడియోలు పూర్తిగా అబద్ధమేమీ కాదు. చైనాలో జనం సర్వర్‌ని హాలంతా వినపడేలా కేకేసి పిలుస్తారు. ప్లీజ్ ఉండదు, ప్లేటు తెచ్చి పెడితే థాంక్యూ ఉండదు, టిప్పు సంగతి సరేసరి. అది చూసి తెల్లవాళ్లు "వీళ్లకి కింది పనివాళ్లంటే లెక్కలేదు" అంటున్నారు, నిజమేనా అని మీరడిగారు. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొనుగోలు పని మీద నేను కొన్నేళ్లు షెన్‌జెన్‌లో ఉన్నాను. ఆఫీసులో చైనావాళ్లతో పాటు అమెరికన్లు, ఇంగ్లిష్‌వాళ్లు కూడా ఉండేవాళ్లు. నాకు అర్థమైనంతలో ఆ వీడియోలవాళ్లు నోటివైపే చూస్తున్నారు, చేతులవైపు చూడట్లేదు.

షెన్‌జెన్ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఆదివారం పొద్దున టీ హోటళ్లు కిటకిటలాడుతుంటాయి. తాతల నుంచి మనవళ్ల దాకా ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు, ఆవిరి మీద ఉడికిన పిండివంటలు చిన్న చిన్న వెదురు బుట్టల్లో వస్తుంటాయి. మాటల మధ్యలో సర్వరమ్మాయి వచ్చి టీ పోస్తుంది. ఎవరూ తలెత్తరు. కానీ చూడండి, కప్పు నిండుతుంటే రెండు వేళ్లు మడిచి బల్ల మీద టకటకా తడతారు. అక్కడ దండం అదే. చియెన్‌లాంగ్ చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన నౌకరుకి టీ పోశాడనీ, సాష్టాంగపడితే గుట్టు రట్టవుతుందని ఆ నౌకరు వేళ్లు మడిచి మొక్కాడనీ ఒక పుక్కిటి కథ కూడా చెబుతారు. మా ఆఫీసులో ఒక అమెరికన్ చాలాకాలం దాన్ని "త్వరగా పొయ్యి" అని విసుక్కోవడం అనుకున్నాడు. టీ కుండలో నీళ్లు అయిపోతే పిలవక్కర్లేదు, మూత కాస్త పక్కకి జరిపి పెడితే వాళ్లే చూసి పోస్తారు.

మనిళ్లలో అమ్మ వడ్డిస్తుంటే ఎవరం థాంక్స్ చెప్పం కదా, కొంత అలాంటిదే ఇది. ఇక అమెరికా సంగతి. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే పనివాళ్లకి యజమాని చేతి నుంచి ఇవ్వాల్సిన కనీస కూలి గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అదే. చాలా రాష్ట్రాలు అంతకన్నా ఎక్కువే ఇప్పిస్తున్నాయి, కానీ టిప్పు మీద బతికే పద్ధతి మాత్రం పోలేదు. అక్కడి సర్వర్ల నవ్వుల వెనక, ఆ ప్లీజుల వెనక జీతం లెక్క ఉంది. చైనాలో అది లేదు. బల్ల మీద చిల్లర వదిలేసి వస్తే మర్చిపోయారనుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు.

చైనావాళ్లకి దయ ఉండదన్న ఈ ముద్ర ఇవాళ్టిది కూడా కాదు. షాన్‌డాంగ్ రాష్ట్రంలో ఏళ్ల తరబడి ఉన్న ఆర్థర్ స్మిత్ అనే అమెరికన్ మిషనరీ 1890లలోనే చైనావాళ్లకి సానుభూతి ఉండదంటూ ఏకంగా ఒక అధ్యాయం రాశాడు. 2011 అక్టోబరులో గ్వాంగ్‌డాంగ్‌లోని ఫోషాన్ నగరంలో రెండేళ్ల పాపని వ్యాన్లు తొక్కేసి పోతే, దారినపోయే 18 మంది చూసీ చూడనట్టు వెళ్లిపోయారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. పాప బతకలేదు. దాన్ని నేను సమర్థించను. కానీ ఆ పాపని పక్కకి తీసి, తల్లి కోసం కేకలేసినావిడ చెన్ షియెన్‌మెయ్, చెత్త ఏరుకుని బతికే మనిషి. ఆమెని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎందరు? అంతకుముందు నాంజింగ్ నగరంలో కిందపడిన ముసలావిడకి సాయమే చేశానన్నతని మీద కేసు పడి, "నువ్వు గుద్దకపోతే ఎందుకు లేపావు" అన్న ధోరణిలో కోర్టు పరిహారం కట్టమంది. జనం భయపడ్డారు. సాయం చేసినవాడి మీద నష్టపరిహారం పడకుండా ఇప్పుడు చైనా సివిల్ కోడ్‌లో 184వ సెక్షన్ ఉంది, ఆ కోడ్ 2021 జనవరి నుంచి అమల్లోకొచ్చింది.

రోజువారీ దయ చూడాలంటే మాత్రం డెలివరీ రైడర్ల దగ్గర చూడాలి. మధ్యాహ్నం పన్నెండు గంటలకి మా బిల్డింగ్ లిఫ్టుల ముందు మెయ్‌తువాన్ అనే ఫుడ్ డెలివరీ యాప్ రైడర్లు పసుపు చొక్కాల్లో క్యూ కట్టేవాళ్లు. ఎలక్ట్రానిక్స్ బజారు హువాచియాంగ్‌బెయ్‌లో 70 అంతస్తుల పైచిలుకు సెగ్ ప్లాజా ఉంది. అక్కడైతే రైడర్ల నుంచి పొట్లాలు తీసుకుని ఒకటి రెండు యువాన్లకి పైకి చేర్చే మనుషులు వేరే ఉంటారు. అప్పట్లో లేటైతే రైడర్‌కి డబ్బు కోత పడేది. అందుకని కింద నుంచే ఫోన్ చేసి "డెలివరీ అయిపోయిందని ముందే నొక్కేయనా?" అని అడిగేవాళ్లు. మా చైనా సహోద్యోగులు తినబోయే అన్నం ఇంకా కిందే ఉన్నా "నొక్కెయ్, నొక్కెయ్" అనేసేవాళ్లు. ఒక ఇంగ్లిష్ పెద్దమనిషి మాత్రం, ప్రతి మాటకీ థాంక్యూ తగిలించే మనిషి, "రాకుండానే వచ్చిందని ఎలా ఒప్పుకుంటాను?" అని వాదనకి దిగేవాడు. తుపాను వానలప్పుడు మా టీమ్ అమ్మాయి ఆర్డర్ కింద "తొందర లేదు, మెల్లగా రండి" అని టైప్ చేయడం ఎప్పుడూ మర్చిపోయేది కాదు.

2020 సెప్టెంబరులో రెన్‌వు పత్రిక ఈ రైడర్లని యాప్‌లు ఎలా పరుగులు పెట్టిస్తున్నాయో పెద్ద కథనం వేసింది. ఎలెమె అనే మరో డెలివరీ కంపెనీ వెంటనే "నేను 5 నిమిషాలు ఆగగలను" అనే బటన్ పెడతామంది. జనం మండిపడ్డారు. మేం ఆగడానికి సిద్ధమే, కానీ టైము బిగించింది మీరైతే మంచితనం మా నెత్తిన పెడతారేంటి అని. నాకు ఆ కోపమే చాలా నచ్చింది.

అలాగని అక్కడంతా దేవుళ్లేం కాదు. 2024 ఆగస్టులో హాంగ్‌జౌలో రెయిలింగ్ విరిగిందని సెక్యూరిటీవాళ్లు ఆపేస్తే ఒక రైడర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. అది చూసి మిగతా రైడర్లంతా గుమిగూడి ఆందోళన చేశారు. రైడర్లని గేటు బయటే ఆపేసే కాలనీలు చాలానే ఉన్నాయి. మన హైదరాబాద్‌లో డెలివరీ బాయ్స్, పనివాళ్లు మెయిన్ లిఫ్టు ఎక్కొద్దని బోర్డులు పెట్టుకున్న మనకి, ఈ విషయంలో తెల్లవాళ్ల పక్కన నిలబడి వేలు చూపించే హక్కు ఉందంటారా?

మీరు నిజంగా వెళ్తుంటే ఒక చిన్న సలహా. టిప్పు పెట్టకండి. టీ పోస్తుంటే వేళ్లతో తట్టండి. చైనా కొత్త సంవత్సరానికి గ్వాంగ్‌డాంగ్‌లో ఉంటే మాత్రం బిల్డింగ్ గార్డుకి, ఊడ్చే ఆవిడకి డబ్బు పెట్టిన ఎర్ర కవరు ఇవ్వడం ఆనవాయితీ. 5, 10 యువాన్లు చాలు, నోటు కొత్తదై ఉండాలి, రెండు చేతులతో ఇవ్వాలి. పెళ్లయినవాళ్లు పెళ్లికానివాళ్లకి ఇవ్వడం అక్కడి లెక్క. నాకు పెళ్లి కాలేదని తెలిసి మా అంతస్తు ఊడ్చే ఆవిడ ఏప్రాన్ జేబులోంచి తీసి నాకే ఒక కవరు ఇచ్చింది, వద్దన్నా వినలేదు. పెళ్లయ్యి వెళ్తున్నారా, ఆ వారం జేబులో పది కవర్లకి తగ్గకుండా పెట్టుకుని లిఫ్టు దిగండి.